సొరచేప గుండె, ఉప్పు లెక్క: నా ప్రాజెక్టు డైరీ

రోజు 1

ఒక నోట్‌బుక్కు, ఒక స్ప్రెడ్‌షీట్, పాత డబ్బాలో దొరికిన పూసలు. ఇవాళ్టికి సరంజామా ఇంతే. చేయాలనుకున్నది మాత్రం కాస్త పెద్దదే. రెండు కిలోల సొరచేప ఒంట్లోకి ఉప్పు ఎలా వస్తుంది, ఎలా పోతుంది, మధ్యలో గుండెకి ఏం పని అన్నది లెక్కల్లో ఆడించి చూడాలి. బతికున్న చేపని ముట్టుకునే ఉద్దేశం లేదు. అనుమతి లేదు, ల్యాబ్ లేదు, అసలు మనసే ఒప్పదు. పైగా ఈ విషయం మీద ఎక్కువ ప్రయోగాలు జరిగిన స్పైనీ డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేప ఇప్పుడు ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. పాత ప్రయోగాలు చాలినన్ని ఉన్నాయి. వాటినే కాగితం మీద మళ్ళీ నడిపిస్తాను.

ఈ పిచ్చి పట్టడానికి కారణం ఒకే ఒక్క విషయం. సొరచేప గుండె ఒక హార్మోను వదులుతుంది. అది రక్తంలో వెళ్ళి పేగు చివరన వేలు ముక్కలా వేలాడే ఒక గ్రంథిని లేపుతుంది. ఆ గ్రంథి చిక్కటి ఉప్పునీరు తీసి పేగులోకి వదులుతుంది, అక్కణ్ణించి అది బయటికి పోతుంది. రక్తాన్ని తోసే గుండెకి ఉప్పు గొడవ ఎందుకు? ఉప్పు ఎక్కువైందని దానికి ఎవరు చెప్పారు? నాలుక లేదు కదా! ఈ ప్రశ్న నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతోంది.

రోజు 2

అంకెలు పోగుచేశాను. సముద్రపు నీటి చిక్కదనం లీటరుకు దాదాపు 1000 మిల్లీఆస్మోల్. (మిల్లీమోల్ అంటే ఒక పదార్థం ఎంతుందన్న లెక్క, మిల్లీఆస్మోల్ అంటే కరిగిన రేణువులన్నీ కలిపిన లెక్క.) అందులో సోడియం 470 మిల్లీమోల్ ప్రాంతం, క్లోరైడ్ 545 ప్రాంతం. మామూలు ఎముకల చేప రక్తం ఇందులో మూడో వంతు చిక్కదనమే. అందుకని దాని ఒంట్లో నీళ్ళు ఎప్పుడూ సముద్రంలోకి జారిపోతుంటాయి. అది ఉప్పునీళ్ళు తాగి, ఆ ఉప్పుని మొప్పల గుండా బయటికి నెట్టుకుంటూ బతుకుతుంది.

సొరచేప ఈ తంటా పడదు. రక్తంలో సోడియంని 280 దగ్గర ఆపి, మిగతా ఖాళీని యూరియాతో నింపుకుంది. అది లీటరుకు సుమారు 350 మిల్లీమోల్, అంటే మన రక్తంలో ఉండేదానికి 50 రెట్ల పైనే. అంత యూరియా ప్రోటీన్ల ఆకారాన్ని చెడగొడుతుంది కాబట్టి, దానికి విరుగుడుగా టీఎంఏఓ అనే ఇంకో పదార్థం ఓ 70. అన్నీ కలిపితే మొత్తం చిక్కదనం సముద్రం కన్నా ఒక పిసరు ఎక్కువే తేలుతుంది. కాబట్టి నీళ్ళు బయటికి పోవు, మొప్పల గుండా మెల్లగా లోపలికే వస్తాయి. తాగాల్సిన పని లేదు. సొరచేపల ఒంట్లో యూరియా ఇంతగా ఉంటుందని స్టేడెలర్, ఫ్రెరిక్స్ అనే ఇద్దరు 1858లోనే గుర్తించారు.

నీళ్ళ బాధ తీరింది గానీ ఉప్పు బాధ తీరలేదు. బయట 470, లోపల 280. ఎత్తు నుంచి పల్లానికన్నట్టు సోడియం రాత్రీపగలూ లోపలికి కారుతూనే ఉంటుంది. తిండితో వచ్చేది అదనం. మూత్రపిండం ఉంది గానీ రక్తం కన్నా చిక్కటి మూత్రం తయారుచేయడం దాని వల్ల కాదు. అందుకే ఆ గ్రంథి. దాని పేరు రెక్టల్ గ్లాండ్, ఈ డైరీలో ఇకనుంచి ఉప్పు గ్రంథి అంటాను. అది చేసే పనేంటో 1960లో బర్గర్, హెస్ తేల్చేదాకా ఎవరికీ సరిగా తెలియదు. దాంట్లోంచి వచ్చే ద్రవంలో సోడియం క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీమోల్ దాకా ఉంటుంది, రక్తంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. యూరియా మాత్రం నామమాత్రం. ఒంటికి కావాల్సిన యూరియాని లోపల ఉంచేసి ఉప్పుని మాత్రమే ఏరి పారేస్తుందన్నమాట.

రోజు 3

కంప్యూటర్ పక్కన పెట్టి పూసల మీద పడ్డాను. గుండె హార్మోను చేతిలో ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

మనిషిలో ఈ కుటుంబంలో ముగ్గురున్నారు. ఏఎన్‌పీ, బీఎన్‌పీ, సీఎన్‌పీ. ఎన్‌పీ అంటే నాట్రియురెటిక్ పెప్టైడ్, అంటే సోడియంని బయటికి పంపించే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. సీఎన్‌పీ అన్నిటికన్నా చిన్నది, 22 అమైనో ఆమ్లాల గొలుసు. గ్లైసిన్‌కి తెల్ల పూసలు, సిస్టీన్‌కి పసుపు, ల్యూసిన్‌కి ఆకుపచ్చ, మిగతావాటికి దొరికిన రంగు. గుచ్చడం మొదలుపెడితే తెల్లవి ఆరు పట్టాయి. ఈ గొలుసులో గ్లైసిన్లు ఎక్కువ. 6వ పూస పసుపు, ఆఖరి 22వ పూస పసుపు. ఆ రెంటినీ విడిగా ఒక సన్న తీగతో కలిపి మెలిపెట్టాలి. అప్పుడు 17 పూసల ఉంగరం, దానికి ఒక పక్కన ఐదు పూసల తోక తయారవుతాయి. మొదటిసారి ఉంగరంలో 16 పూసలే వచ్చాయి. విప్పి లెక్కపెడితే ఒక ల్యూసిన్ టేబుల్ కింద ఉంది.

ఏఎన్‌పీ చేయాలంటే 28 పూసలు. ఉంగరం అదే సైజు, 17. కానీ ఉంగరం మూసుకున్నాక రెండో పక్కన కూడా ఐదు పూసల తోక వస్తుంది. బీఎన్‌పీకి 32, అక్కడ ఆ తోక ఆరు. సీఎన్‌పీకి ఆ రెండో తోకే ఉండదు, సిస్టీన్ దగ్గర కోసేసినట్టు ఆగిపోతుంది. మూడింటినీ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళ పోలిక తెలిసిపోతుంది.

తమాషా ఏంటంటే మనిషిలో సీఎన్‌పీ ఉప్పు పని పెద్దగా పట్టించుకోదు. రక్తనాళాల గోడల్లో, మెదడులో, ఎముకలు పెరిగేచోట ఉంటుంది. ఎదుగుదల లోపం ఉన్న పిల్లలకి 2021లో అనుమతి పొందిన వోసోరిటైడ్ అనే మందు దీని నకలే. సొరచేపలో మాత్రం గుండె తయారుచేసి రక్తంలోకి వదిలేది ఈ సీఎన్‌పీనే. స్కైలియోరైనస్ కానిక్యులా అనే జాతి గుండెలో ఇది 115 అమైనో ఆమ్లాల పొడవాటి ముందు రూపంలో నిల్వ ఉంటుందని 1990ల మొదట్లోనే తేలింది. మనిషి గొలుసుకీ సొరచేప గొలుసుకీ తేడా నాలుగు పూసలు మారిస్తే పోయేంతే. ఏఎన్‌పీ, బీఎన్‌పీ రెండూ సీఎన్‌పీ తరహా జన్యువు నుంచే రెట్టింపై విడివడ్డాయని 2003లో జపాన్ పరిశోధకులు చూపించారు. అక్షర క్రమంలో చివర పేరు పెట్టించుకున్నదే ఇంటికి పెద్దది!

రోజు 5

నిన్న మొదలుపెట్టిన పని పూర్తిగా పాడైంది. రాసి పెడుతున్నాను.

సొరచేప ఒంటికి బదులు డయాలసిస్ గొట్టం ముక్క. రెండు కొసలూ ముడి వేస్తే సంచి. సంచిలో సొరచేప రక్తం లాంటిది పోయాలి: లీటరుకు 16.4 గ్రాముల ఉప్పు, 21 గ్రాముల యూరియా. బయట పెద్ద గిన్నెలో లీటరుకు 29.2 గ్రాముల ఉప్పు, అంటే సరిగ్గా 500 మిల్లీమోల్, 1000 మిల్లీఆస్మోల్. (మామూలు సముద్రంలో వేరే లవణాలూ ఉంటాయి కాబట్టి 35 గ్రాములు అంటారు. ఒట్టి ఉప్పుతో అదే చిక్కదనం తేవాలంటే ఇంత చాలు.)

యూరియా నీళ్ళలో వేసి కలుపుతుంటే గ్లాసు చల్లబడింది. చేతికి స్పష్టంగా తెలిసింది, బయట చెమ్మ కూడా పట్టింది. కరిగేటప్పుడు అది చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. తెలిసిన విషయమే అయినా వేళ్ళకి తగిలితే సరదాగా ఉంటుంది.

సంచి తూచి వేశాను. గంటకోసారి తీసి, తుడిచి, తూచాను. బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. భలే, లోపలా బయటా సమతూకం కుదిరిందని మురిసిపోయాను. ఇవాళ పొద్దున్న అనుమానం వచ్చి సంచిలోంచి కొంచెం తీసి, బాగా పలచన చేసి, విద్యుత్ వాహకత మీటరు పెట్టి చూశాను. లోపలి ఉప్పు బయటి ఉప్పుతో సమానమైపోయింది. అంటే సోడియం అంతా లోపలికి వచ్చేసింది, యూరియా బయటికి పోయింది. ఆ గొట్టం పెద్ద అణువుల్నే ఆపుతుంది, ఉప్పునీ యూరియానీ ఆపదు. ఈ సంగతి దాని అట్టమీదే రాసి ఉంది, చదవకుండా మొదలుపెట్టింది నేనే.

పాడైన ప్రయోగమే అయినా ఒకటి అర్థమైంది. మొప్పలంటే నేను జల్లెడలాంటివి అనుకున్నాను. నిజమైన మొప్ప నిమిష నిమిషానికీ రక్తాన్ని సముద్రానికి వెంట్రుకవాసి దూరంలోకి తెచ్చి కూడా యూరియాని పోనివ్వదు. ఆ కణాల పొరలో కొలెస్టరాల్ పాలు బాగా ఎక్కువ. జారిపోబోయే యూరియాని తిరిగి లోపలికి లాగే ఏర్పాటు కూడా ఉంది. ఆ పొర లేకపోతే సొరచేప నా సంచిలా ఒక్క రాత్రిలో సముద్రమైపోయేది.

రోజు 8

స్ప్రెడ్‌షీట్ సొరచేప, మొదటి రకం. రెండు కిలోలు. ఒంట్లో నీరు 1.4 లీటర్లు, అందులో కణాల లోపల లీటరు, కణాల బయట 400 మి.లీ. (రక్తం ఈ 400లో భాగమే). బయటి ద్రవంలో సోడియం 280 చొప్పున మొత్తం 112 మిల్లీమోల్. గంటకి ఒక మిల్లీమోల్ ఉప్పు లోపలికి కారుతుంది. ఈ చివరి అంకె నా అంచనా, లెక్క తేలిగ్గా ఉండాలని పెట్టుకున్నది. దీన్ని పారేయాలంటే ఉప్పు గ్రంథి 500 మిల్లీమోల్ ద్రవాన్ని గంటకి 2 మి.లీ. తీయాలి.

గ్రంథి ఎప్పుడు తెరుచుకోవాలి? ఎవరైనా రాసే సూత్రమే రాశాను. సోడియం గాఢత 280 దాటితే తెరువు, ఎంత దాటితే అంత ఎక్కువ. ఒకేసారి 20 మిల్లీమోల్ ఉప్పు పెట్టి చూశాను. గాఢత ఎగిసింది, గ్రంథి తెరుచుకుంది, అన్నీ సర్దుకున్నాయి. ఇంత తేలికా అనుకుని పడుకున్నాను.

రోజు 9

పొద్దున్న రెండో పరీక్ష. ఈసారి ఒట్టి ఉప్పు కాకుండా రక్తంతో సరిసమానమైన ద్రవం, అదే ఉప్పు, అదే యూరియా, 40 మి.లీ. ఎక్కించాను. ప్రయోగశాలల్లో దీన్ని సొరచేప రింగర్ అంటారు.

గ్రాఫ్‌లో ఒక తిన్నటి గీత వచ్చింది. 440 మి.లీ. దగ్గర 24 గంటలూ కదలకుండా అలాగే. గాఢత మారలేదు కాబట్టి గ్రంథికి అదనంగా ఏమీ వచ్చినట్టే తెలియలేదు. నా సొరచేప ఉబ్బిపోయి, ఆ ఉబ్బుతోనే హాయిగా ఈదుతోంది.

ఇక్కడే అసలు మలుపు. 1985లో సాలమన్, సిల్వా, ఎప్‌స్టైన్ వాళ్ళ బృందం డాగ్‌ఫిష్‌ల మీద దాదాపు ఇదే చేసింది. రక్తంతో సమానమైన ద్రవం ఎక్కించారు. సోడియం గాఢత పెరగకపోయినా ఉప్పు గ్రంథి తెరుచుకుంది. గ్రంథి ముఖ్యంగా చూసేది పరిమాణాన్నే అని వాళ్ళు తేల్చారు, గాఢతది రెండో స్థానం. అంటే నేను రాసిన సూత్రం మొదలే తప్పు. పరిమాణాన్ని కొలవాలంటే ఒంట్లో దానికి అనువైన చోటు ఒక్కటే ఉంది: ఒళ్ళంతా తిరిగిన రక్తం వచ్చి చేరే చోటు, పలచటి గోడలతో సాగే చోటు. గుండె కర్ణిక. గుండెకి నాలుక అక్కర్లేదు!

ఇది తట్టాక కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

రోజు 10

ఇవాళ చదువే. 1956లో రెండు సంగతులు వేర్వేరు చోట్ల జరిగాయి. బ్రూనో కిష్ గినీపిగ్ కర్ణిక కణాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి, వాటిలో గింజల్లాంటివి చూశాడు. హార్మోన్లు తయారుచేసే గ్రంథుల్లో ఉండేలాంటివి, గుండెలో! అదే ఏడాది హెన్రీ, గావర్ కుక్క ఎడమ కర్ణికలో చిన్న బెలూన్ పెట్టి ఉబ్బించారు, మూత్రం పెరిగింది. (ఆ పెరుగుదలలో నరాల పాత్ర పెద్దదని తర్వాత తెలిసింది.) ఈ రెండూ ఒకచోటికి చేరడానికి పాతికేళ్ళు పట్టింది. 1981లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో అడాల్ఫో డి బోల్డ్ ఎలుక కర్ణికల్ని నూరి తీసిన రసాన్ని వేరే ఎలుకలకి ఎక్కించాడు. నిమిషాల్లో అవి ఉప్పునీ నీళ్ళనీ ధారగా వదిలేశాయి. జఠరిక రసంతో అలా జరగలేదు. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళలోనే సొరచేపల గుండె రసంతో ఉప్పు గ్రంథిని తెరిపించారు.

రోజు 12

రెండో రకం సూత్రం. బయటి ద్రవం పెరిగితే కర్ణిక సాగుతుంది, సాగిన కొద్దీ సీఎన్‌పీ విడుదలవుతుంది. సీఎన్‌పీ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అది ఉన్నంత మేర గ్రంథి తెరుచుకుంటుంది. ద్రవం 2 శాతం పెరిగితే గంటకి 2 మి.లీ. వచ్చేలా, ఎంత పెరిగినా గంటకి 6 మి.లీ. దాటకుండా పెట్టాను. హార్మోను సగానికి తగ్గే సమయం రెండున్నర నిమిషాలు. మనిషిలో ఉండే లెక్కనే సొరచేపకీ వాడుకున్నాను. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరస పది నిమిషాలు.

నొక్కాను. గ్రాఫ్ ఈసీజీలా పైకీ కిందికీ కొట్టుకుని, కాసేపటికి స్క్రీన్ దాటి పోయింది. వెనక నుంచి మా తమ్ముడు తొంగిచూశాడు.

"అక్కా, హార్మోను మైనస్ ఐదు అంటే ఏంటి? గుండె అప్పు చేసిందా?"

"నువ్వు ముందు ఆ మౌస్ వదులు."

"కాదక్కా, చూడు. ఒక వరసలో ప్లస్, ఇంకో వరసలో మైనస్. ప్రతిసారీ ముందుకన్నా పెద్దది. నీ చేప తప్పు కాదు, నీ గడియారం తప్పు."

ఒప్పుకోబుద్ధి కాలేదు గానీ వాడిదే కరెక్టు. కాలిక్యులేటర్ తీసి చేత్తో చేశాను. సగానికి తగ్గే సమయం రెండున్నర నిమిషాలైతే నిమిషానికి తగ్గే రేటు 0.277. పది నిమిషాల వరసకి 2.77. ఉన్నదాంట్లోంచి దానికి 2.77 రెట్లు తీసేయమంటున్నాను! ఒకటి ఉంటే మిగిలేది మైనస్ 1.77. తర్వాతి వరసలో 3.14 (వృత్తాల లెక్కలోని పై కాదు, యాదృచ్ఛికం), ఆ తర్వాత మైనస్ 5.57, ఆ తర్వాత 9.87. బొమ్మలో ఉన్న కొట్టుకోవడం సరిగ్గా ఇదే. నిమిషాల్లో మాయమయ్యే హార్మోనుని పది నిమిషాలకోసారి కళ్ళు తెరిచి చూస్తే ఇంతే మరి.

వరస 15 సెకన్లకి కుదించాను. రోజుకి 5,760 వరసలు. స్ప్రెడ్‌షీట్ మూలగడం మొదలుపెట్టింది, మొత్తం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చేశాను. మార్చిపెట్టింది తమ్ముడే, అది కూడా రాయమన్నాడు.

రోజు 13

పైథాన్ సొరచేప బతికింది. ఏ పరీక్షా లేకుండా వదిలేస్తే 408 మి.లీ. దగ్గర నిలబడింది. ఆ అదనపు 8 మి.లీ. వల్లే కర్ణిక కాస్త సాగి, గంటకి 2 మి.లీ. పారేసేంత హార్మోను నిత్యం కారుతోంది. లోపలికి కారేది, బయటికి పోయేది సరిపోయాయి.

20 మిల్లీమోల్ ఉప్పు పెట్టాను. ద్రవం 448 దాకా ఎక్కింది. గ్రంథి వెంటనే గరిష్ఠానికి చేరి ఆరు గంటలకి పైగా అక్కడే నడిచి, తర్వాత మెల్లగా దిగింది. 24 గంటల తర్వాత చూస్తే 408కి అర మి.లీ. లోపే తేడా.

రోజు 15

బెలూన్ రోజు. కర్ణిక సాగుడుని చేతికి చూపించే బొమ్మ ఒకటి కావాలనుకున్నాను. బెలూన్‌కి సన్నగొట్టం కట్టి, నీటి మట్టంతో ఒత్తిడి కొలిచాను. నీళ్ళు పోసిన కొద్దీ ఒత్తిడి పెరగాలి కదా. మొదట్లో పెరిగింది, ఒక దశ దాటాక తగ్గింది! బెలూన్ ఊదిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి బుగ్గల్లో తెలుసు: మొదటి ఊపే కష్టం, తర్వాత తేలిక. ఒత్తిడిని నమ్ముకుంటే నా గుండె నిండే కొద్దీ ఖాళీ అవుతున్నానని చెప్పేది.

ఒత్తిడి వదిలేసి సాగుడునే కొలిచాను. 400 మి.లీ. నీళ్ళున్న బెలూన్ మీద పెన్నుతో రెండు చుక్కలు, మధ్య దూరం 50 మి.మీ. ఇంకో 40 మి.లీ. పోశాను. స్కేలు 51కీ 52కీ మధ్య చూపించింది. లెక్క ప్రకారం 51.6 రావాలి, ఎందుకంటే ఘనపరిమాణం 10 శాతం పెరిగితే పొడవు పెరిగేది 3 శాతమే. ఒకటిన్నర మిల్లీమీటరు! ఇంత చిన్న తేడా మీద ఒక జంతువు ఉప్పు లెక్కంతా ఆధారపడుతుందా అని నాకు మొదట నమ్మకం కుదరలేదు.

దీనికి జవాబు బెలూన్‌లో లేదు. ఒంట్లో పెరిగిన ద్రవం అన్నిచోట్లా సమానంగా పంచుకోదు. మందపాటి ధమనులు అంతగా సాగవు, సాగేవి సిరలూ కర్ణికా. కాబట్టి మొత్తంలో పెరిగింది కొద్దే అయినా కర్ణిక దగ్గర అది పెద్దగా కనిపిస్తుంది.

రోజు 17

ఈ డైరీ మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే. పని అర పేజీ కూడా లేదు.

20 మిల్లీమోల్ ఉప్పు అంటే సోడియం 20, క్లోరైడ్ 20, కలిపి 40 మిల్లీఆస్మోల్. చుట్టూ సముద్రం లీటరుకు 1000. ఒంటి చిక్కదనం సముద్రంతో సరిపోయేదాకా మొప్పల గుండా నీళ్ళు వస్తాయి కాబట్టి ఈ ఉప్పు లాక్కొచ్చే నీళ్ళు 40 మి.లీ. ఇక గ్రంథి వైపు. అది తీసే ద్రవం 500 మిల్లీమోల్. 20 మిల్లీమోల్ పారేయాలంటే కావాల్సిన ద్రవం 40 మి.లీ.

రెండూ నలభైయ్యే. కాగితం తిప్పి మళ్ళీ చేశాను. నలభైయ్యే. (ద్రవాభిసరణ గుణకాన్ని, అంటే నిజమైన ద్రావణంలో ఈ లెక్కకి చేయాల్సిన చిన్న సవరణని, పక్కన పెట్టాను, అది రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది.) ఉప్పు తనతో ఎంత నీటిని వెంటబెట్టుకొచ్చిందో, పోయేటప్పుడు అంతే నీటిని తీసుకుని పోతుంది. యూరియా కదలదు. 440 తిరిగి 400 అవుతుంది, 132 మిల్లీమోల్ తిరిగి 112 అవుతుంది. అందుకే కర్ణిక పరిమాణాన్ని మాత్రమే చూసి ఊరుకున్నా సరిపోతోంది. సముద్రంలో ఉన్న సొరచేపకి ఎక్కువైన నీళ్ళంటే దాదాపుగా ఎక్కువైన ఉప్పే.

గాఢత అసలు కదలదేమో అనుకున్నాను, అది మాత్రం తప్పు. 132ని 440తో భాగిస్తే 300, అంటే 7 శాతం పెరిగింది. పరిమాణం పెరిగింది 10 శాతం. కాబట్టి గాఢత పనికిమాలిన గుర్తేమీ కాదు. కానీ 9వ రోజు పరీక్షలో అది గుడ్డిదని తేలింది, పరిమాణం రెండు పరీక్షల్లోనూ చూడగలిగింది.

రోజు 18

గ్రంథి లోపల జరిగేది ప్రోగ్రామ్‌లో ఒక్క గుణకంతో నెట్టేశాను. కనీసం ఇక్కడైనా రాయాలి.

గ్రంథి కణానికి ఒక ముఖం రక్తం వైపు, ఇంకో ముఖం గ్రంథిలో ఉప్పునీరు పారే గొట్టం వైపు. రక్తం వైపు సోడియం పొటాషియం పంపు లోపలి సోడియంని ఎప్పటికప్పుడు తోడిపోస్తుంటుంది. ఖర్చంతా దానిదే. అలా సోడియం తగ్గిన కణంలోకి అదే ముఖం మీదున్న ఎన్‌కేసీసీ1 అనే ద్వారం ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లని కలిపి లాక్కొస్తుంది. క్లోరైడ్ లోపల పోగవుతుంది. గొట్టం వైపు క్లోరైడ్ గేటు తెరిస్తే అది బయటికి దూకుతుంది, దాని వెంట సోడియం కణాల మధ్య సందుల్లోంచి పోతుంది. ఆ గేటు పేరు సీఎఫ్‌టీఆర్. మనిషిలో ఇది చెడితే వచ్చేది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు. కణాలన్నీ ఇంచుమించు ఒకే రకం కావడంతో ఈ గ్రంథి పరిశోధకులకి బంగారు గని అయింది. ఎన్‌కేసీసీ1 జన్యువుని 1994లో మొదట పట్టుకున్నది దీంట్లోంచే.

సీఎన్‌పీ ఈ గేటుని రెండు దారుల్లో తెరిపిస్తుంది. ఒకటి నేరుగా గ్రంథి కణం మీది గ్రాహకానికి తగులుకుని. రెండోది గ్రంథిలోని నరాల కొసల నుంచి వీఐపీ అనే ఇంకో పెప్టైడ్‌ని విడుదల చేయించి. దాంతో పాటు గ్రంథికి రక్తప్రవాహం కూడా పెరుగుతుంది. రెండు దారుల్నీ విడివిడిగా ప్రోగ్రామ్‌లో పెట్టి చూశాను. గ్రాఫ్ ఆకారం మారలేదు, నాకు తెలియని అంకెలు మాత్రం రెండు పెరిగాయి. తీసేశాను.

రోజు 20

9వ రోజు పరీక్షని కొత్త సొరచేపకి పెట్టాను. రక్తంతో సమానమైన ద్రవం 40 మి.లీ. ఈసారి ఉబ్బు తగ్గింది, పరిమాణం సరిగ్గా పాత చోటికి వచ్చింది. తమ్ముడికి చూపించబోతూ సోడియం గడి వైపు చూశాను. 258కి కాస్త అటూ ఇటూ.

బగ్ అనుకుని గంటసేపు వెతికాను. బగ్ కాదు, కూడికలు తీసివేతలే. ఎక్కించిన 40 మి.లీ.లో ఉన్న సోడియం 11.2 మిల్లీమోల్. గ్రంథి పారేసిన 40 మి.లీ.లో ఉన్నది 20. దాదాపు 9 మిల్లీమోల్ ఒంట్లోంచి అదనంగా పోయింది, దాని చోటులో యూరియా మిగిలింది. చిక్కదనం సరిగ్గానే ఉంది, లోపలి పాళ్ళు మారాయి. 17వ రోజు అందమంతా సముద్రపు ఉప్పు వచ్చినప్పటికే. రక్తం లాంటి ద్రవం వస్తే గ్రంథి ఒక్కతే దాన్ని వచ్చినట్టు తిప్పి పంపలేదు.

నా సొరచేపకి మూత్రపిండం ఉన్నా లేనట్టే కదా! గంటకి ఇంత అని ఒక స్థిరమైన అంకె పెట్టి మొదటి రోజే మర్చిపోయాను. నిజమైన సొరచేపల్లో ఉప్పు గ్రంథిని తీసేసినా మూత్రపిండం చాలావరకు నెట్టుకొచ్చిందని పాత ప్రయోగాల్లో ఉంది. అది చదివినప్పుడు "అయితే గ్రంథి ఎందుకు?" అని మార్జిన్‌లో రాసుకున్నాను. ఇప్పుడు ఆ మార్జిన్ చూస్తే నవ్వొస్తోంది.

రోజు 21

ప్రోగ్రామ్‌లో మూత్రపిండానికి కొత్త ఫంక్షన్ తెరిచాను. ఇప్పటికి మూడు లైన్లు: సోడియం 280 కన్నా తక్కువుంటే మూత్రంలో సోడియం తగ్గించు, ఎక్కువుంటే పెంచు, యూరియాని వీలైనంత వెనక్కి లాగు. పక్కకి తోసేసిన గాఢత సూత్రం మొదటి రకం ఫైల్లోంచి మళ్ళీ ఇక్కడికి వచ్చి కూర్చుంది. ఒకసారి నడిపితే 258 మూడు రోజుల్లో 270 దాటింది, 280 చేరలేదు. పూసల ఉంగరం కంప్యూటర్ మీద వేలాడుతోంది. బెలూన్ పొద్దున్నే చిల్లుపడింది.